నాలుగు మెత్తని స్ప్రింగులు

శిశిరము తన మూటముల్లె సర్దుకొనుచుండగా వసంతము ఇంకను గడప వెలుపలనే నిలిచి తటపటాయించుచున్న ఫాల్గుణమాసపు ప్రాతఃకాలములయందు గుంటూరు నగరము తుమ్ములతో మేల్కొనుట వాడుక. పల్నాటి పొలములనుండి రాత్రియెల్ల లారీలపై తరలివచ్చిన మిరపబస్తాలు యార్డు ముంగిట కొండలవలె పేరుకొనియుండగా ఆ రక్తారుణరాశులను తాకి వచ్చు మందమారుతము పేరునకు మాత్రమే మందమారుతమై పాలవాడు మొదలు ప్లీడరు వఱకు ఎవ్వరినిని విడువక నాసికాపుటముల నంటి కన్నుల నీరు పెట్టించుచుండును. అట్టి యొక శనివారమున సూర్యుడు బారెడు పైకెక్కిన వేళ చిలకలూరిపేట బాటప్రక్కనున్న పురాతనమైన పొగాకు గిడ్డంగి తలుపులు కిఱ్ఱుమని తెఱచుకొనెను.

ఆ గిడ్డంగిలో పొగాకు బేళ్లు లేక ఇరువదియేండ్లు గడచినవి. సరకు పోయినను దాని వాసన టేకుపలకలను విడువక ప్రాచీనబంధువువలె అచ్చటనే కాపురముండెను. షేక్ బాజీ యను ముప్పదియైదేండ్ల యుత్సాహవంతుడు దానిని అద్దెకు గైకొని లోపల ప్లైవుడ్డు గోడలతో ఇఱుకుసందులను మూలమలుపులను కన్నముల కిటికీలను కల్పించి అందు ఎయిర్‌సాఫ్ట్ అను క్రీడను నెలకొల్పెను. అది యుద్ధమును బోలిన యాట. తుపాకులు చూపునకు భయంకరములు గాని వానియందు మందు లేదు. స్ప్రింగు విడువగా ముందునకు దుమికిన పిస్టను గాలిని నొక్కి ఆవగింజకు అన్నయు బఠాణికి తమ్ముడునగు చిన్న ప్లాస్టిక్ గుండును వెడలించును. అది తగిలినచో చీమకుట్టినంత చుఱుక్కుమనును.

ఈ యాటయందు తీర్పరి లేడు. గుండు తగిలినదా లేదా యను సంగతి తగిలినవారి దేహమునకే యెఱుక. కావున తగిలినవారే యెడమచేయి యెత్తి ఆ మాట పలికి వెలుపలికి రావలయును. ఆటగాండ్రందఱి పేర్లును తలుపు ప్రక్కనున్న నల్లబల్లపై సుద్దతో వ్రాయబడియుండును. తగిలియు మూడు మాఱులు పలుకనివారి పేరు తడిగుడ్డతో తుడిచివేయబడును. ఆ సంవత్సరమున మఱల వ్రాయబడదు. నియమముల పుస్తకము పదునాఱు పుటలున్నను గిడ్డంగి నిలిచినది ఈ యొక్క నియమము మీదనే.

తుపాకుల వైద్యుడు ఏసోబు. అర్ధాయుష్షు అరండల్‌పేటలో కుట్టుమిషన్లను బాగుచేయుచు గడపి రెడీమేడు దుస్తుల ధాటికి ఆ వృత్తి సన్నగిల్లగా యాదృచ్ఛికముగా బాజీ కొలువులో ప్రవేశించిన ఆ యేబదియెనిమిదేండ్ల మితభాషి తుపాకిని మొదటిసారి విప్పి చూచినపుడు "ఇది మిషనే. సూది బదులు గుండు పోద్ది" అని మాత్రము పలికి ఆ క్షణమునుండియే పనికి దిగెను. ఇఱుకుసందులలో నాలుగడుగుల దూరమునుండి పేలు తుపాకికి బలము శత్రువని అతడు త్వరలోనే గ్రహించెను. విశాలమైన తోటలలో ఆడువారు స్ప్రింగును బిగించి బలము పెంచుకొందురు. ఏసోబు పనియంతయు దానికి వ్యతిరేకము. స్ప్రింగులను మార్చియు పిస్టను చుట్టునున్న రబ్బరు వలయమునకు నూనె రాచియు అరిగిన పళ్లచక్రములను దీసి క్రొత్తవి పొదిగియు అతడు ఒక్కొక్క తుపాకిని క్షణమునకు ఎనుబదియైదు మీటర్లకు తక్కువ కాకుండ తొంబది మీటర్లను దాటకుండ సవరించును. ఆట దినమున గుండు వేగమును కొలుచు చిన్నయంత్రము ముందట నిలిచి ప్రతి తుపాకిని ఒకమాఱు పేల్చి అద్దములోని యంకెను చూచి "సరే" అనును. గీత దాటినచో "కాదు" అనును. అతని నోట "సరే" యను మాట వెడలిన పిమ్మట ఆ యంకెను తొంగిచూచిన మానవుడు ఆ గిడ్డంగిలో లేడు.

అతని భార్య సలోమి ముప్పదినాలుగేండ్లు ఆసుపత్రి వార్డులలో నర్సుగా పనిచేసి విశ్రాంతి గైకొనిన మహిళ. ఒకదినము పెనిమిటికి భోజనపు క్యారియరు తెచ్చి యిచ్చుటకు వచ్చి యూరకే చూచుచు నిలిచి "ఒకసారి నేనూ కాల్చనా" యని యడిగి ఆ దినముననే ముగ్గురు యువకులను వెలుపలికి పంపినది. పిదప తనతో పనిచేసిన మార్తమ్మ మొదలగు మఱి ముగ్గురు నర్సులను కూడగట్టి నీలిపట్టీల జట్టును కట్టెను. నిరుడు కప్పుకొఱకు జరిగిన యాటలో అందఱును ఓడి తానొక్కతెయే మిగిలి గెలుపు చేతికందు క్షణమున ఎవ్వరికిని కానరాని గుండొకటి తన బూటులేసును తాకినదని చేయెత్తి తనంతట తానే వెలుపలికి వచ్చి కప్పును పోగొట్టుకొనెను. నాటినుండి ఎవరైనను తగులలేదని బుకాయించినచో "సలోమమ్మ ముందు ఆ మాట చెప్పు" అనుట గిడ్డంగిలో వాడుకయయ్యెను.

కార్తికమున ఆమె కుడికంటికి శుక్లమునకు శస్త్రచికిత్స జరిగెను. ఆఱువారములు దినమునకు నాలుగుమాఱులు ఏసోబు తన మోటువ్రేళ్లతో ఆమె కనుఱెప్పను సుతారముగా విడదీసి మందుచుక్క వేసి ఆ చుక్క లోనికి దిగువఱకు ఊపిరి బిగబట్టి కూర్చుండువాడు. మాఘమున వైద్యుడు పరీక్షించి కన్ను సంపూర్ణముగా మానినదనియు కన్నులకు అద్దమున్న ఆటముసుగు సరిగా ధరించినచో ఆటకు అభ్యంతరము లేదనియు పలికెను. ఫాల్గుణము రాగానే సలోమి ఒక గురువారము సాయంకాలము బీరువాలోని కాన్వాసు కోటును దీసి తొడిగి అద్దము ముందట నిలిచెను.

"ఏవయ్యా, శనివారం నేను ఆటకొస్తన్నా. డాక్టరు గారు సరేనన్నారుగా."

"సరే."

"సరే అంటే ఏంది, మొహం అట్టా పెట్టావు?"

"నా మొహం ఎప్పుడూ ఇంతేగా."

"అదీ నిజమే. ముప్పై రెండేళ్లనించీ చూస్తన్నా, ఒక్క గీతన్నా మారలా" అని యామె నవ్వి కోటును మడిచి ప్రక్కన బెట్టెను.

ఏసోబు నవ్వలేదు. వలదని చెప్పు నోరు అతనికి లేదు. సరేయని నిదురించు హృదయమును లేదు. మఱునాడు మధ్యాహ్నము బాజీ మిరపయార్డు వ్యాపారులతో మాటలాడుటకు పోయిన సమయమున అతడు ఎదిరిజట్టువారి ఎఱ్ఱపట్టీల తుపాకులు నాలుగింటిని బల్లపై వరుసగా పఱచి ఒక్కొక్కదాని పొట్ట విప్పి లోని స్ప్రింగును దీసి బిస్కెట్ల డబ్బాలో దాచి పాడుపడిన పాతతుపాకులనుండి సేకరించిన మెత్తని స్ప్రింగులను వాని స్థానమున నిలిపెను. యంత్రము ముందట పేల్చి చూడగా అద్దమున నలుబదియెనిమిది యను నంకె వెలిగెను. తొంబదిని దాటరాదని నియమము కలదు గాని ఇంతకు తగ్గరాదని పదునాఱు పుటలలో ఎచ్చటను లేదు. అట్టి తుపాకి నెవ్వరైన కోరుదురని నియమకర్తలకు తోచియుండదు. ఏసోబు బొట్టువ్రేలితో ఆ యద్దమును తుడిచి కార్తికము తరువాత మొదటిసారిగా తేలికపడిన గుండెతో ఇల్లు చేరెను.

ఆ యేటి కప్పుకొఱకు మూడాటల పోటీ జరుగు శనివారము వచ్చెను. ఎఱ్ఱపట్టీలవారు బడిపంతులమ్మలు. వారి నాయకురాలు సీతారావమ్మ పదవీవిరమణ చేసిన ప్రధానోపాధ్యాయిని, ఉన్నతకాయ, ముసుగు తొడిగినను కంఠమునుబట్టి నాలుగువీథుల దూరమునుండి ఆనవాలు పట్టదగిన మనిషి. ఆమె తన తుపాకిని యంత్రము ముందటి బల్లపై బెట్టి సలోమిని ఎగాదిగ చూచెను.

"ఏం సిస్టరమ్మా, కొత్త కన్ను ఎట్టా ఉంది?"

"మీ జుట్టుకు రంగేసుకుంది కూడా కనపడుతోంది టీచరుగారూ."

"అయితే బాగానే కుదిరింది."

ఏసోబు నాలుగు ఎఱ్ఱపట్టీల తుపాకులను వరుసగా పేల్చి నాలుగుమాఱులు "సరే" యనెను. ఎవ్వరును తొంగిచూడలేదు.

ఆట మొదలయ్యెను. గిడ్డంగికప్పున గిరగిర తిరుగు పెద్దపంకాల హోరులో తుపాకుల టపటపలు కలసిపోవుచుండగా రెండు జట్లును సందులలో మాయమయ్యెను. వలతెరకు ఈవల నిలిచిన ఏసోబునకు ఒక్క నీలిపట్టీ తప్ప మఱేమియు కానరాదు. సలోమి నడుము వంచి గోడవెంబడి పిల్లివలె జరుగుచు మూలలకడ ఆగుచు చెవి యొగ్గుచు పూర్వముకంటె చుఱుకుగా సాగుచుండెను. ఆమె తోడివారిలో ఒకరికి గుండు ముసుగునకు తగిలి టక్కుమనెను. ఒకరికి వట్టివ్రేలికి తగిలెను. వారు చేతులెత్తి వెలుపలికి వచ్చిరి. సలోమి మాత్రము మిగిలి ఎదుటివారి నొక్కొక్కరినే పంపి మొదటి యాటను గెలిచెను. రెండవదియు గెలిచెను. మూడవ యాటయందు ఆమె ఒక పంతులమ్మను గుఱిచూచుచుండగా వెనుకనుండి సీతారావమ్మ కంఠము వినవచ్చెను.

"ఆగండి సిస్టరమ్మా."

పంకాలు తప్ప అన్నియు నిలిచిపోయెను. సీతారావమ్మ తుపాకి క్రిందికి దించి దగ్గఱకు వచ్చి మెల్లగా పలికెను. "మూడాటల్లో మూడుసార్లు తగిలినయ్యి మీకు. ఒకటి భుజానికి, రెండు వీపుకి. నేను చూశా."

"తగిలితే చెప్పనా టీచరుగారూ?"

"మీరు చెప్తారనే మూడోదాకా ఆగాను."

ఆ మాటయందు నింద లేదు. అందుచేతనే అది లోతుగా దిగెను. బాజీ గోడకెక్కించిన కెమెరాలోని దృశ్యములను తన ఫోనుపై అందఱకును చూపెను. మొదటియాట: తెల్లనిగుండొకటి తేలివచ్చి సలోమి భుజమును తాకి జాఱిపోయెను. రెండవయాట: ఱెక్కల యెముకల నడుమ. మూడవయాట: మఱల అచ్చటనే. మూడు మాఱులును ఆమె యేమియు ఎఱుగనిదానివలె ముందునకే నడచుచుండెను. సలోమి ఆ దృశ్యమును రెండవమాఱు వేయించి చూచెను. ముసుగు తీసి చంకలో బెట్టుకొనెను.

"నిజమే. తగిలినయ్యి. తుడువు బాజీ, నా పేరు."

"ఆంటీ, ఇందులో ఏదో పొరపాటుంది. మీరు..."

"పొరపాటేముంది, కళ్లెదురుగా కనపడతంటే. నాకొక రూలు, జనానికొక రూలా?"

బాజీ తడిగుడ్డను చేతబట్టుకొని బల్లవైపు పోలేక నిలువలేక సీతారావమ్మ వంక చూచెను. ఆ ప్రధానోపాధ్యాయిని గొంతు సవరించుకొని "తొందరేముంది. టీ తాగి తుడుద్దువు గానిలే" అని గుడ్డను అతని చేతినుండి తీసి కుర్చీపై వేసెను. పిదప తన తుపాకిని ఏసోబునకు అందించుచు "ఇది కాస్త చూడు నాయనా. ఎందుకో ఇయ్యాళ సత్తువ లేనట్టు మోగుతోంది. మావాళ్లవి కూడా" అనెను.

నాలుగు తుపాకులను మోసికొని పనిగదిలోనికి పోయిన ఏసోబు తలుపు చేరవేసి బల్లమీద చేతులాని నిలిచెను. బిస్కెట్ల డబ్బా ఎదుటనే యున్నది. నాలుగు స్ప్రింగులు, ఒక్కొక్కదానికి అయిదునిమిషములు. టీ చల్లాఱులోపల అన్నియు యథాస్థానమునకు చేరును. తన తప్పు ఎన్నడును బయలుపడదు. అయితే ఆ బల్లమీదనుండి పోవు పేరు పోవనే పోవును. నిరుడు గెలుపును విడిచి నిలుపుకొనిన పేరు. మాట చెప్పినచో ఆ పేరు నిలుచును గాని అతని "సరే" యను మాటను ఇక నెవ్వరును నమ్మరు. అతడు మొదటి తుపాకి మరలను విప్పుచుండగా తలుపు తెఱచుకొని సలోమి లోనికి వచ్చెను.

ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించి ఎడమచేతి జుబ్బా మడతలు మోచేతివఱకు పైకి లాగి అతని యెదుట స్టూలుపై కూర్చుండి చేయి చాచెను.

"నీకాడ సూది ఉంటది గదా. తీయి."

"సూదెందుకు?"

"పదేళ్ల షుగరు నాకు. మూడు గుండ్లు తగిలితే తెలవలా. వార్డులో ఎంతమందిని చూళ్లేదు, కాల్లో మేకు దిగినా తెలవనోళ్లని. నాకూ తోలు చచ్చిపోతందేమో. కళ్లు మూసుకుంటా, నువ్వు గుచ్చు. తెలిస్తే చెప్తా."

"మార్తమ్మను అడగకూడదూ? ఆవిడా నర్సేగా."

"మార్తమ్మ జాలిపడి అబద్ధం చెప్పుద్ది. నువ్వు చెప్పవు."

కుట్టుమిషన్ల కాలమునుండి అలవాటుగా చొక్కాయంచునకు గుచ్చుకొనియుండు సూదిని ఏసోబు తీసెను. సలోమి కన్నులు మూసికొనెను. ముప్పదినాలుగేండ్లు పరుల చేతులకు సూదులు గుచ్చిన ఆ చేయి ఇప్పుడు నూనెమరకల బల్లపై తీర్పునకు లోబడినదానివలె చలింపక యుండెను. అతడు సూదిమొనను ఆ చర్మమునకు వెండ్రుకవాసి దూరమునకు తెచ్చెను. అచ్చటనే అది నిలిచిపోయెను. ముందునకు త్రోయుటకు అతని వ్రేళ్లు ఒప్పుకొనలేదు. పంకాల హోరు దూరముగా వినవచ్చుచుండెను. 

"గుచ్చావా?" అని ఆమె యడిగెను.

సూదిమొన ఉన్నచోటనే యుండెను.

"తెలవటంలేదయ్యా నాకు" అనుచు ఆమె చేతిని మఱింత ముందునకు చాచెను. మూసిన ఱెప్పల సందునుండి, శస్త్రచికిత్స జరిగిన కంటినుండియు జరుగని కంటినుండియు సమానముగా నీరు చెంపలపైకి జాఱెను. "ఇంకొంచెం గట్టిగా గుచ్చి చూడు."

సూది నేలబడి చిన్నగా మ్రోగెను. "గుచ్చలేదు సలోమీ. నేనింకా గుచ్చనేలా."

ఆమె కన్నులు తెఱచెను. ఏసోబు రెండుచేతులతోడను ఆమె చేతిని పట్టుకొని తలవంచి ముప్పదిరెండేండ్ల దాంపత్యములో ఒక్కపర్యాయమున ఎన్నడును పలుకనన్ని మాటలను పలికెను. "నీ ఒంట్లో ఏం లేదు. తోలు బానే ఉంది. తప్పంతా తుపాకుల్లోనే ఉంది. నేనే ఎర్రపట్టీలవాటిల్లో మెత్తని స్ప్రింగులు పెట్టా. నిన్న మధ్యాన్నం. కాన్వాసు కోటు మీద పడితే ఎవరికీ తెలవదు. నీకే కాదు, నాకైనా తెలవదు."

"నాలుగిట్లోనా?"

"నాలుగిట్లో."

"ఎంతకు దించావు?"

"నలభై ఎనిమిదికి."

సలోమి వంగి నేలబడిన సూదిని తీసి బల్లపై బెట్టెను. కోపము వచ్చినపుడు ఆమె స్వరము హెచ్చుటకు మాఱుగా తగ్గుట ఏసోబునకు తెలియును. అందుచే ఆమె తగ్గుస్వరమున అడిగిన ప్రశ్నకు అతడు వెఱచెను.

"నా కన్ను గురించేనా?"

"ఆరు వారాలు దాన్నే చూస్తా కూచున్నా. చుక్క పక్కకు పోతే ఏమైద్దో, నా వేలు తగిలితే ఏమైద్దోనని. అది మానిందన్నారు, నాకు మాత్రం మానలా."

"అయితే ఆ మాట నాతో అనొచ్చుగదయ్యా. పోట్లాడుకునేవాళ్లం. నువ్వే ఓడిపోయేవాడివి, అది వేరే సంగతి." ఆమె కుడిచేతి జుబ్బా యంచుతో ముఖము తుడుచుకొనెను. "నేను దెబ్బకు భయపడి ఈ ఆటకు రాలా. ముప్పైనాలుగేళ్లు జనం నొప్పులు చూశా. చెప్పుకోలేని నొప్పి ఎట్టా ఉంటదో నాకు తెలుసు. ఇక్కడ ఎవరికి వాళ్లు తగిలిందని చెప్పుకుంటారు, ఎదుటోళ్లు నమ్ముతారు. అందుకొచ్చా. నువ్వు ఆ చెప్పుకునేదే నాకు లేకుండా చేశావు."

ఏసోబు విప్పిన మరలను మఱల బిగించెను. స్ప్రింగులను మార్చలేదు. "బయటికి పోయి చెప్తా. బాజీ పంపించేస్తాడేమో."

"పంపిస్తే పంపించనీ. ఇంట్లో కుట్టుమిషను ఏడాదినించీ కిర్రుమంటంది, దాన్ని బాగుచేద్దువు గాని" అనుచు సలోమి లేచి నాలుగు తుపాకులలో రెండింటిని తన చంకన బెట్టుకొనెను. తలుపుకడ అతనికి దారియిచ్చి ముందు నడువుమన్నట్లు తల యూపెను.

టీ గ్లాసులు చేతబట్టిన జనము నడుమ ఏసోబు తుపాకులను యంత్రము ముందట బెట్టి ఆ యద్దమును అందఱి వైపునకు త్రిప్పి ఒక్కొక్కదానినే పేల్చెను. నలుబదియెనిమిది. నలుబదియేడు. నలుబదియెనిమిది. నలుబదియాఱు. అతడు చెప్పవలసినది నాలుగు వాక్యములలో చెప్పి ముగించెను. ఏ వాక్యమునందును తన భయమును సాకుగా చూపలేదు. "ఆవిడకు తగిలినట్టు తెలవకపోటానికి కారణం నేను. పేరు తుడవాలంటే ఆ బల్లమీద నా పేరు లేదు గాబట్టి, పనినించి తీసెయ్యండి" అని స్క్రూడ్రైవరును బాజీ ముందట బెట్టెను.

 సీతారావమ్మ గ్లాసు దించి అద్దమువంకను సలోమివంకను మార్చి మార్చి చూచెను. "అంటే పొద్దుట్నించీ నేను సిస్టరమ్మ మీద అక్షింతలు వేస్తన్నానా?"

మార్తమ్మ ఫక్కున నవ్వెను. ఆ నవ్వు ఒకరినుండి యొకరికి ప్రాకి గిడ్డంగియంతయు వ్యాపించెను గాని బాజీ నవ్వలేదు. అతడు స్క్రూడ్రైవరును చేతికి తీసికొని త్రిప్పుచు "బాబాయి, నీ నోటెంట సరే అనే మాటొస్తే మేమెవరం తొంగి చూడలేదు. పిల్లలాడతన్నారు ఇక్కడ. రేపు నూటపదికి కూడా నువ్వు సరే అన్నావనుకో, ఎవరికి తెలుసుద్ది?" అనెను.

"ఎవరికీ తెలవదు" అని ఏసోబు ఒప్పుకొనెను. ఆ దినమున అతని కన్నుల నీరు తిరిగినది ఆ మాటకే.

బాజీ కొంత ఆలోచించెను. స్క్రూడ్రైవరును మఱల అతని చేతిలో బెట్టెను. "తుపాకులు నువ్వే బాగుచెయ్యి, నీ అంత పనోడు నాకు దొరకడు. మీటరు దగ్గర మాత్రం ఇక నిలబడబాక. అద్దం జనం వైపే ఉంటది. ఎవరి తుపాకి అంకె వాళ్లే పైకి చదువుకుంటారు. కిందకొక గీత కూడా గీస్తా, ఎనభై ఐదుకి."

"న్యాయం" అని ఏసోబు పలికెను. అతనికి ఆ శిక్ష పనినుండి తొలగింపబడుటకంటె బరువుగానే తోచెను గాని అది కొలతకు సరిపోయినదనియు తోచెను.

"తీర్పులైపోతే ముందు నా తుపాకి సంగతి చూడండి నాయనా" అని సీతారావమ్మ అడ్డుకొనెను. "నాకింకా ఇక్కడ గెలిచే పనుంది."

"గెలిచారుగా టీచరుగారూ" అని సలోమి నిదానముగా పలికెను. "మూడాటల్లో నాకు మూడుసార్లు తగిలినయ్యి. తెలిసినా తెలవకపోయినా తగిలింది తగిలినట్టే. ఆ మూడూ మీవే. కప్పు తీసుకోండి."

"పేరు?" అని బాజీ యడిగెను.

సీతారావమ్మ కుర్చీపైనున్న తడిగుడ్డను తీసి దానితో తన ముసుగునద్దమును తుడుచుకొని దండెముపై ఆరవేసెను. "దాచినవాళ్ల పేరు తుడవమన్నారు గాని తెలవనివాళ్ల పేరు తుడవమని ఎక్కడుంది? నేను చదివాను ఆ పదహారు పేజీలూ. అచ్చుతప్పులు కూడా దిద్దిచ్చాను." ఆమె చేయెత్తగా మిగిలిన పంతులమ్మలు ముగ్గురును తరగతిగదిలోవలె చేతులెత్తిరి. నల్లబల్లపై సలోమి పేరు సుద్దరేణువైనను రాలకుండ నిలిచెను.

ఏసోబు జనసమక్షమున బల్ల వేసికొని తుపాకులను విప్పెను. ఇంతవఱకు ఆ విద్యను ఎవ్వరును దగ్గఱగా చూచియుండలేదు. అతడు పైమరలను దీసి తొట్టెలోని బిడ్డను ఎత్తినట్లు లోని పేటికను పైకెత్తి వెనుకనుండి మెత్తని స్ప్రింగును జాఱవిడిచి గట్టిదానిని వ్రేలితో అణచి నిలిపి పిస్టనుపై నూనెచుక్క జాఱించి రబ్బరు వలయమును గోటితో సరిచూచి మూత బిగించెను. ఒక్కొక్క తుపాకిని దాని పంతులమ్మయే పేల్చి అంకెను బిగ్గఱగా చదివెను. ఎనుబదియేడు. ఎనుబదియాఱు. ఎనుబదియెనిమిది. సీతారావమ్మది ఎనుబదియేడు. తీసివేసిన నాలుగు మెత్తని స్ప్రింగులను సలోమి ఏఱి పరిశీలించి చెత్తబుట్టలో పాఱవైచెను.

కప్పుతో సంబంధము లేక పోయినను నాలుగవ యాటను ఆడవలయునని రెండు జట్లును కోరెను. సలోమి ముసుగు తొడుగుకొనుటకు ముందు పెనిమిటి యెదుటికి వచ్చి వెనుకనున్న పట్టీని బిగింపుమని తల వంచెను. అతడు బిగించెను. మఱల సడలుచున్నదేమో యని వ్రేలు దూర్చి చూచెను. ముసుగునకును చెంపకును నడుమ గోరు దూరు సందైనను లేదు. అంతకుమించి మానవుడు చేయగలిగినది లేదని ఎఱిగి అతడు చేతులను వెనుకకు దీసికొనెను.

వలతెర కీవల నిలిచి అతడు చూచుచుండెను. సలోమి మొదటి మూల తిరిగెను. రెండవ మూలకడ ఒక పంతులమ్మను పంపెను. కిటికీ కన్నము క్రింద వంగి సాగి ఇఱుకుసందు కొసకు చేరెను. సరిగా ఆ క్షణముననే ఎదుటి గోడ చాటునుండి సీతారావమ్మ వెలువడెను. నడుమ నాలుగడుగులైనను లేవు. తుపాకి మ్రోగెను. ఆ మ్రోత ఏసోబు వెన్నులోనికి దిగెను. కన్నులు మూసికొనవలెనని యనిపించినను బలవంతముగా తెఱచియే యుంచెను.

సలోమి యెడమచేయి గాలిలోనికి లేచెను. "తగిలింది" అని యామె పలికెను. ఆ స్వరము పంకాల హోరును దాటి కప్పురేకులను తాకి గిడ్డంగి నలుమూలలను ప్రతిధ్వనించెను. సంతోషమున్నచోట నొప్పి లేదనరాదు. నొప్పియున్నచోట సంతోషము లేదనియు అనరాదు. ఆ మాటయందు రెండును కలవు.

ఆమె సందులనుండి వెలుపలికి వచ్చి ముసుగు తీసి కోటు విప్పి జుబ్బా చేతిని భుజముదాక మడిచెను. మోచేతికి జానెడు పైన అప్పుడే ఎఱ్ఱబడుచున్న రూపాయిబిళ్లంత గుఱుతు కలదు. ఏసోబు దానిని చూచి చూపు త్రిప్పుకొనబోగా ఆమె అతని చేయి పట్టుకొని ఆ మోటువ్రేలిని ఆ గుఱుతుపై నిలిపెను. అచ్చట చర్మము వెచ్చగా నుండెను. అతడు వ్రేలిని వెనుకకు లాగబోయెను, ఆమె విడువలేదు.

"నొప్పిగా ఉందా?"

"ఉండకేం. టీచరుగారు కొడితే ఊరికే పోద్దా. చిన్నప్పుడు తప్పించుకున్న బెత్తం దెబ్బ ఇప్పుడు తగిలినట్టుంది."

ప్రియమైనవారికి ముసుగు తొడిగి దాని పట్టీ బిగించువఱకు ప్రేమకు అధికారము కలదు. వారి దేహమునకు తగిలినది వారికి తెలియకుండ చేయుటకు ఎంతటి ప్రేమకును అధికారము లేదు. ఏసోబు ఈ సత్యమును వాక్యముగా కూర్పగలవాడు కాడు. లోపల ఆట సాగుచుండెను, ఎవరో నవ్వుచుండిరి, ఎవరో తగిలినదని పలుకుచుండిరి. అతడు వలతెరకడ నిలిచి ఆ యెఱ్ఱని గుఱుతు చుట్టును తన వ్రేలిని మిక్కిలి మెల్లగా త్రిప్పుచుండెను. వ్రేలు నడిమికి వచ్చినపుడెల్ల సలోమి చుఱుక్కున ఊపిరి పీల్చుచుండెను. ఆ శబ్దమును అతడు చెవి త్రిప్పుకొనక వినుచుండెను.